ఏది మన తీగ? ఏది మాయ తీగ?

ఆకు చూస్తే ఒకేలా ఉంటుంది. పాకే తీరూ అంతే. తుంచితే రెండింట్లోనూ పాలే కారతాయి. కానీ ఒకటి ఎండాకాలం చల్లని షర్బతు... మరొకటి మేకను సైతం పడగొట్టే విషం. శేషాచలం కొండల చుట్టూ అల్లుకున్న తీగల్లో మనవేవో, ఎక్కడి నుంచో వచ్చి తిష్ఠ వేసినవేవో ఓసారి చూద్దాం రండి!

తీగ లాగితే డొంకంతా కదిలిందంటాం. పని సులువైతే నల్లేరు మీద బండి నడకంటాం. తన లోపం తనకు కనబడనివాణ్ని చూస్తే గురివింద గింజ గుర్తొస్తుంది. ఆడపిల్ల పుడితే లత అనో మాలతి అనో పేరు పెట్టుకుంటాం. మాటల్లో, సామెతల్లో, పేర్లలో ఇంతగా అల్లుకుపోయిన తీగల్ని పెరటి గోడ మీద చూసి పేరు చెప్పమంటే మాత్రం... మనలో చాలామంది నీళ్లు నములుతాం!

పేరు తెలియకపోతే కొంప మునిగిందా అనుకోవచ్చు. ఒక్కోసారి నిజంగానే మునుగుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా భయంతో ఊరూవాడా తిప్పతీగ కషాయం తాగారు. గోడ మీద ఏ తీగకు హృదయాకారపు ఆకు కనిపించినా తుంచుకెళ్లినవాళ్లకు లెక్కలేదు. అది తిప్పతీగేనా? అదే పోలికలున్న మరో తీగా? ఆ కాస్త తేడా తెలుసుకోవడం వృక్షశాస్త్రం చదివినవాళ్ల పని మాత్రమే కాదు. వంటింట్లో కషాయం కాచే ప్రతి ఒక్కరి పని.

కొండంతా తీగలే

తిరుపతి, చిత్తూరు జిల్లాలవాళ్లకు తీగల సంపద తక్కువేం కాదు. తిరుమల నుంచి కడప వైపు సాగే శేషాచలం కొండల్ని 2010 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జీవావరణ రిజర్వుగా ప్రకటించింది. దాని విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అందులోనే 353 చదరపు కిలోమీటర్ల శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. ఆ చెట్ల కొమ్మల్ని పట్టుకుని, బండల సందుల్లో వేళ్లు దిగేసి బతికే తీగలూ లెక్కకు మిక్కిలి.

తలకోన వెళ్లినవాళ్లు గిల్లతీగను చూసే ఉంటారు. కొండచిలువలా మెలికలు తిరిగి చెట్టు మీంచి చెట్టుకు పాకే ఈ తీగ కాయ ఒక్కోసారి మీటరు దాటుతుంది. గింజలు బిళ్లల్లా గట్టిగా, నున్నగా ఉంటాయి. వాగుల్లో కొట్టుకుపోయి సముద్రం మీద తేలుతూ దూరతీరాలు చేరగల గింజలవి. ఇక తిప్పతీగ, పొడపత్రి, నన్నారి, మారేడు కొమ్ములు, దూసరితీగ, దుష్టపుతీగ, దూలగొండి, కాకిదొండ, గురివింద, నల్లేరు... ఇవన్నీ ఈ నేల బిడ్డలే. ఒక్కోదానికి ఒక్కో గుణం. దూసరితీగ ఆకును నీళ్లలో పిసికితే కాసేపటికి నీళ్లు జున్నులా గడ్డకడతాయి. పొడపత్రి ఆకు నమిలాక నోట్లో పంచదార వేసుకుంటే ఇసుకలా ఉంటుంది తప్ప తీపి తెలియదు. దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే చెప్పనక్కర్లేదు... గోకుడే గోకుడు!

మన పూర్వికులు ఒక్కో తీగకూ ఒక్కో పేరు పెట్టింది ఈ గుణాలు చూసే. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ ఎన్నో మొక్కలకు శాస్త్రీయ నామంతోపాటు తెలుగు పేరునూ రాసిపెట్టాడు. 1859లో వాల్టర్ ఇలియట్ తెలుగు మొక్కల పేర్లతో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే పుస్తకమే వేశాడు. దొరలు పుస్తకాలకెక్కించిన పేర్లు మనం నోట్లోంచి జారవిడుచుకుంటున్నాం. పేరు పోయిన చోట పోలిక మిగులుతుంది. మాయ తీగలకు చోటు దొరికేది అక్కడే.

నన్నారి ఇంటి దాయాది

ఎండలు ముదిరితే రాయలసీమలో నన్నారి షర్బతు లేనిదే దాహం తీరదు. గ్లాసులో నన్నారి పాకం, నిమ్మరసం, సోడా... ఆ వాసనకే సగం అలసట పోతుంది. ఆ వాసన ఒక తీగ వేరుది. సుగంధపాల, సుగంధి, నన్నారి... ఎలా పిలిచినా ఒకటే. తీగ సన్నగా, తీగె కమ్మీలా ఉంటుంది. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా పుడతాయి. కొన్ని ఆకులు కత్తిలా సన్నగా, కొన్ని కోలగా ఉంటాయి. ముదురాకుపచ్చ ఆకు మీద నడి ఈనె వెంట తెల్లటి చార కనబడుతుంది. ఇదే దీని చిరునామా. తుంచితే కాసిని పాలు వస్తాయి.

దీనికో పెద్దక్క ఉంది. మారేడు కొమ్ములు, బర్రె సుగంధి అని పిలుస్తారు. తమిళ ఇళ్లలో మాగాళి ఊరగాయ పెట్టేది దీని వేళ్లతోనే. కొండ బండల సందుల్లో పెరిగే ఈ తీగ దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. రెండింటి వేళ్లకూ దాదాపు ఒకే వాసన. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలా సుగంధానికి చాలా దగ్గరి బంధువైన రసాయనం వీటి వేళ్లలో ఉండటమే కారణం. మార్కెట్లో నన్నారి పేరుతో రెండూ దొరుకుతుంటాయి. సన్నగా పుల్లలా ఉండి లోపల గట్టిగా ఉంటే సుగంధపాల. వేలంత లావున, కండపట్టి దుంపలా ఉంటే మారేడు కొమ్ములు. ఏది వాడినా ప్రమాదం లేదు.

ప్రమాదమంతా మూడోదానితోనే. అదే రబ్బరు తీగ. దీని సొంతూరు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. నన్నారి, మారేడు కొమ్ములు, రబ్బరు తీగ... మూడూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ఉపకుటుంబం. అందుకే ఆ పోలికలు. దీనికీ ఆకులు ఎదురెదురుగానే పుడతాయి. తుంచితే పాలు కారతాయి. కాయలు కొమ్ముల్లా జంటగా కాస్తాయి. గింజలకు జిల్లేడు దూదిలాంటి కుచ్చు ఉంటుంది. అయితే వేరుకు సుగంధం లేదు. ఆకుల్లో, కాండంలో గుండెను దెబ్బతీసే విషాలున్నాయి. గుర్రాలు, పశువులు, మేకలు తింటే ప్రాణాల మీదికి వస్తుంది. పాలు కంట్లో పడినా, ఒంటికి తగిలినా మంట పుడుతుంది.

మరి ఇది ఇక్కడికెలా వచ్చింది? అందం చూసి మోసపోయి తెచ్చుకున్నదే! గరాటులా విచ్చుకునే లేత ఊదారంగు పూలు చూసి తోటల్లో పెంచారు. పాలల్లో రబ్బరు ఉండటం మరో ఆకర్షణ. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో మలయా రబ్బరు తోటలు జపాన్ చేతికి చిక్కాయి. రబ్బరు కోసం కటకటలాడిన అమెరికా, కరీబియన్ దీవి దేశమైన హైతీలో రైతుల పొలాల్ని తీసుకుని మరీ ఈ తీగను నాటించింది. రబ్బరు గిట్టుబాటు కాలేదు. 1944లోనే ఆ పథకాన్ని వదిలేశారు. రైతులకు మిగిలింది పాడైన పొలాలే.

ఆస్ట్రేలియా కథ ఇంకా పెద్దది. 19వ శతాబ్దంలో క్వీన్స్‌ల్యాండ్‌లో అలంకారానికి పెంచిన ఈ తీగ వాగుల వెంట పాకి, చెట్ల నెత్తినెక్కి, వాటికి ఎండ తగలకుండా కప్పేసింది. నరికినా మళ్లీ చిగిర్చింది. చివరికి 1995లో మడగాస్కర్ నుంచే ఒక తుప్పు తెగులు శిలీంధ్రాన్ని తెచ్చి వదిలారు. పుట్టింటి శత్రువు వస్తే గానీ దాని జోరు తగ్గలేదు! విదేశీ మొక్కలు ఎందుకు విజృంభిస్తాయో ఈ ఒక్క కథతో తెలిసిపోతుంది. సొంత నేల మీద వాటిని తినే పురుగులు, పట్టే తెగుళ్లు ఉంటాయి. కొత్త నేలలో అవేవీ ఉండవు. అడ్డూ అదుపూ లేని పెరుగుదలే.

మన రాయలసీమ మెట్టల్లో కంచెల మీద, గుట్టల వాలుల్లో, రోడ్ల పక్కన ఈ తీగ కనిపిస్తుంది. గుర్తుపట్టడం కష్టమేం కాదు. ఆకు నన్నారి ఆకుకన్నా చాలా పెద్దది. దళసరిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. తెల్లచార ఉండదు. పువ్వు మన అరచేతిలో సగం ఉంటుంది. నన్నారి పువ్వు బియ్యపు గింజంత. ఇక కాయలు చూస్తే అనుమానమే అక్కర్లేదు. గట్టిగా, గీతలు తేలి, ఎద్దు కొమ్ముల్లా చెరోపక్కకు నిక్కబొడుచుకుని ఉంటాయి. నన్నారి కాయలు సన్నగా పుల్లల్లా ఉంటాయి. చెరువు గట్ల మీద గుబురుగా పెరిగే లొట్టపీసునూ కొన్నిచోట్ల రబ్బరు చెట్టంటారు. అది వేరు. దాని ఆకులు ఎదురెదురుగా కాక ఒకటి తర్వాత ఒకటిగా వస్తాయి. అయితే అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కే.

అసలు బాధేమిటంటే... ఏ మేతా ముట్టని రబ్బరు తీగ హాయిగా పాకుతుంటే, పనికొచ్చే మారేడు కొమ్ములు కరిగిపోతున్నాయి. వేరే సరుకు కాబట్టి తవ్వితే తీగ మొత్తం పోయినట్టే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. మనది తవ్వుకుని తినేస్తున్నాం, పరాయిది వదిలేస్తున్నాం. ఇదీ వరస!

తిప్పతీగ... అవునా, కాదా?

సంస్కృతంలో గుడూచి, అమృత. హిందీలో గిలోయ్. మనకు తిప్పతీగ. తుంచి చెట్టు మీద పడేసినా ఎండిపోకుండా చిగురిస్తుంది కాబట్టే అమృత అన్నారు. వేపచెట్టుకు పాకిన తిప్పతీగ శ్రేష్ఠమని పెద్దల నమ్మకం.

దీని ఆకు తమలపాకులా, హృదయాకారంలో ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. ఎందుకంటే ఆ ఆకారం చాలా తీగలకు ఉంది. దుష్టపుతీగదీ అదే ఆకారం. కొన్నిచోట్ల జుట్టుపాకు అంటారు. అయితే దాని ఆకులు ఎదురెదురుగా పుడతాయి. మెత్తని నూగు ఉంటుంది. తుంచితే పాలు వస్తాయి, నలిపితే పాడు వాసన. కాయల మీద మెత్తని ముళ్లుంటాయి. తిప్పతీగకు పాలుండవు. ఆకులు ఒక కణుపుకు ఒకటే. నూగు లేకుండా నున్నగా ఉంటుంది. ముదురు కాండం మీద పల్చని పొర కాగితంలా ఊడొస్తుంది. దాన్ని గోటితో తీస్తే లోపల పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. చెట్టు మీంచి దారాల్లాంటి ఊడలు కిందికి వేలాడతాయి. ఎర్రటి గుండ్రని పండ్లు గుత్తులుగా వస్తాయి. ఈ గుర్తులన్నీ కలిస్తేనే తిప్పతీగ. ఆకు ఒక్కటి కలిస్తే చాలదు.

దీనికి సొంత వంశంలోనే మరో పోలిక ఉంది. శాస్త్రీయంగా టైనోస్పోరా క్రిస్పా అనే తీగ. ఈశాన్య భారతం, ఆగ్నేయాసియా దేశాలు దాని నెలవు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ఒక వైద్య పత్రికలో రాశారు. దేశమంతా చర్చ మొదలైంది. తిప్పతీగ సురక్షితమేననీ, పోలికలున్న క్రిస్పాను పొరబడి వాడటం వల్ల హాని జరగవచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో రెండింటి తేడాలనూ విడుదల చేసింది. ఆ ప్రకారం... తిప్పతీగ కాండం పచ్చగా ఉంటుంది, బుడిపెలుండవు, పాలుండవు, పూరేకులు 6, పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. క్రిస్పా కాండం బూడిద కలిసిన గోధుమరంగు, నిండా బుడిపెలు, పాలు కారతాయి, పూరేకులు 3, పండు కోలగా నారింజరంగులో ఉంటుంది.

అంతటితో చర్చ ముగిసిందా అంటే లేదు. అదే ఏడాది దేశంలోని పలు ఆస్పత్రుల వైద్యులు కలిసి మరికొందరు రోగుల వివరాలు ప్రచురించారు. సొంత రోగనిరోధక వ్యవస్థే శరీరం మీద దాడి చేసే జబ్బులున్నవారికి ఇలాంటి తీగలతో ముప్పు ఎక్కువన్నది వైద్యుల హెచ్చరిక. కాబట్టి ఇంట్లో పాటించాల్సింది రెండంచెల జాగ్రత్త. మొదట, తీగ సరైనదో కాదో తేల్చుకోవాలి. సరైనదే అయినా కాలేయ సమస్య, థైరాయిడ్, మధుమేహం వంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా నెలల తరబడి కషాయాలు తాగకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మానేసి ఆస్పత్రికి వెళ్లాలి. ఏం తాగారో దాచకుండా చెప్పాలి.

గోడ మీది గులాబీ గుత్తులు

తిరుపతి వీధుల్లో ప్రహరీగోడల మీద గులాబీరంగు పూలగుత్తులతో విరగబూసే తీగను చూసే ఉంటారు. ఇంగ్లీషులో కోరల్ వైన్ అంటారు. పుట్టిల్లు మెక్సికో. ఆకు హృదయాకారమే. అందుకే పూలు లేని రోజుల్లో తిప్పతీగని పొరబడతారు. దీని ఆకు అంచులు ముడతలు పడి, గరుకుగా ఉంటాయి. పూలగుత్తి కొసన స్ప్రింగులాంటి నులితీగలుంటాయి. తిప్పతీగకు నులితీగలుండవు, అది తనను తానే చుట్టుకుంటూ పాకుతుంది. ఈ ఒక్క గుర్తు చాలు. కోరల్ వైన్ విషం కాదు గానీ మహా మొండి. మట్టిలో దుంపలు దాచుకుంటుంది. పైన కోసినకొద్దీ కింద నుంచి లేస్తుంది. గోడ మీద ఉన్నంతసేపు అందం. గోడ దాటి తోపులోకి పాకితే తలనొప్పి.

పొలం గట్ల మీద మరో అతిథి ఉంది. కాకరనో, కాకిదొండనో పోలిన మూడు కొనల ఆకు, స్ప్రింగు నులితీగ, తెలుపు ఊదా కలిసిన పువ్వు, పచ్చటి దారాల వలలో కూర్చున్న గోళీకాయంత కాయ. పండితే పసుపో నారింజో అవుతుంది. పల్లెటూరి పిల్లలు ఈ పండ్లు ఏరుకు తింటారు. ఇది ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన అడవి పాషన్ తీగ. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే. కాయ చుట్టూ ఉన్న వల జిగురుగా ఉండి చిన్న పురుగులు అంటుకుపోతుంటాయి. పండిన పండు తింటే పర్వాలేదు. పచ్చికాయలో మాత్రం సైనైడును విడుదల చేసే పదార్థాలుంటాయి. పిల్లలకు ఈ సంగతి చెప్పి ఉంచాలి. కాకరకైతే కాయ మీద వల ఉండదు, బుడిపెలుంటాయి. కాకిదొండకు తెల్లపువ్వు, నున్నటి కాయ, పండితే ఎర్రటి ఎరుపు. వలలో కాయ కనిపిస్తే పరాయి తీగే.

హాని చేసేదంతా పరాయిదేనా?

కంచె మీద పసుపుదారాల పోగు విసిరేసినట్టు ఆకుల్లేకుండా అల్లుకునే తీగకు మనవాళ్లు ఎంత చక్కని పేరు పెట్టారో... సీతమ్మ పోగునూలు! ఎక్కిన చెట్టు రసం పీల్చి బతుకుతుంది. అలాగని అది విదేశీ కాదు. శతాబ్దాలుగా ఇక్కడే ఉన్న తీగ. పాచితీగ అనే మరో దారాల తీగా అంతే. మినుము పైరును పీల్చేసే బంగారు తీగ మాత్రం ఉత్తర అమెరికా మూలం ఉన్న దగ్గరి చుట్టం. విత్తనాల్లో కలిసి పొలాలకెక్కుతుంది. చెట్టు మీద ఉన్న సీతమ్మ పోగునూలును చూసి కంగారు పడనక్కర్లేదు. మినుము చేలో పసుపుదారం కనిపిస్తే మాత్రం పూత రాకముందే మొక్కలతో సహా పీకి తగలబెట్టాలి.

మరో తమాషా చూడండి. మనకు ముద్దొచ్చే తీగలే బయట ఊళ్లలో దొంగలు! గురివింద అమెరికాలోని ఫ్లోరిడాలో బెడదగా మారిన తీగల జాబితాలో ఉంది. మనం వేపుడు చేసుకునే దొండ హవాయి దీవుల్లో చెట్లను, కరెంటు స్తంభాలను కప్పేసే కలుపు. కావ్యనాయికలు నీడన సేదదీరిన మాధవీలత మారిషస్, రీయూనియన్ దీవుల అడవుల్ని మింగేస్తోంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో దాని పేరూ ఉంది. అంటే తీగలో పుట్టుకతో మంచీచెడూ లేవు. ఏ నేల మీద, ఏ చుట్టాల మధ్య ఉందన్నదే ముఖ్యం. గురివింద గింజ సామెత ఇక్కడ మనకే సరిపోతుంది. పరాయి తీగల్ని తిట్టుకునే ముందు మన తీగలు అక్కడ చేస్తున్నదీ తెలుసుకోవాలిగా!

మన దేశంలో చొరబడిన విదేశీ మొక్కల్ని 2008లో ఒక జాబితాగా వేస్తే 173 రకాలు తేలాయి. వయ్యారిభామ, తలంబ్రాల మొక్క వంటి అందరికీ తెలిసినవాటి పక్కనే తీగలూ ఉన్నాయి. అదే ఏడాది తిరుపతి నుంచి మాధవ చెట్టి, శివాజీ, తులసీరావు కలిసి చిత్తూరు జిల్లా పూలమొక్కల మీద ఇంగ్లీషులో సమగ్రమైన పుస్తకం వెలువరించారు. మన జిల్లా మొక్కల గురించి తెలుసుకోవాలనుకునేవారికి పెద్దబాలశిక్ష లాంటిది.

ఆరు ప్రశ్నలు... అడిగి చూడండి

తీగ కనిపించగానే ఆకు ఆకారం చూసి తీర్పు చెప్పేయొద్దు. ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

1. ఆకులు ఎలా పుట్టాయి? కణుపుకు రెండు ఎదురెదురుగానా, ఒక్కొక్కటిగానా? నన్నారి, పొడపత్రి, దుష్టపుతీగ, రబ్బరు తీగ... రెండేసి. తిప్పతీగ, దూసరి, కోరల్ వైన్, దొండ... ఒక్కొక్కటి.

2. తుంచితే ఏం వస్తుంది? పాలా, నీళ్లా? పాలు కారితే తిప్పతీగ కాదు. నల్లేరుకూ పాలుండవు, జెముడుకు ఉంటాయి. చేతికి, కంటికి తగలకుండా చూడాలి సుమా.

3. ఎలా పాకుతోంది? నులితీగలతోనా, తనే చుట్టుకుంటూనా?

4. ఆకును తడిమితే ఎలా ఉంది? నూగా, నునుపా, గరుకా? నలిపితే వాసనేమిటి? దూలగొండి అనుమానం ఉంటే మాత్రం కాయ జోలికి పోవద్దు.

5. ముదురు కాండం ఎలా ఉంది? పొర ఊడుతోందా, బుడిపెలున్నాయా, నల్లేరులా నాలుగు పలకలుగా ఉందా?

6. పువ్వు, కాయ ఎలా ఉన్నాయి? అవి కనిపించేదాకా ఆగడమే అన్నిటికన్నా మంచి పరీక్ష.

కనీసం నాలుగు జవాబులు కలిస్తేనే పేరు ఖాయం చేసుకోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ నోట్లో వేసుకుని పరీక్షించవద్దు. ఈరోజుల్లో ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లున్నాయి. దారి చూపడానికి పనికొస్తాయి గానీ, వాటి మాట నమ్మి కషాయం కాచుకోకూడదు. ఆకుల అమరిక, పువ్వు, కాయ కనిపించేలా ఫొటోలు తీసి తెలిసినవాళ్లకు చూపించండి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం, తితిదే ఆయుర్వేద కళాశాల ఉన్నాయి. కొండ కింద పల్లెల్లో తీగల్ని వాసనతోనే పట్టేసే అవ్వలు, తాతలూ ఉన్నారు. వాళ్లను మించిన పుస్తకం లేదు. వాళ్లు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.

పీకే ముందు...

పరాయి తీగని తెలియగానే కత్తి పట్టుకుని బయల్దేరితే ఒక్కోసారి మనదే తెగిపోతుంది. రబ్బరు తీగనుకుని మారేడు కొమ్ములు నరికితే మళ్లీ తెచ్చుకోలేం. ముందు నిర్ధారణ, తర్వాతే కత్తి. జాతీయ పార్కులో అయితే దేన్నీ ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి నుంచి ఆకు తెచ్చుకున్నా నేరమే. అక్కడ కనిపించింది అటవీ సిబ్బందికి చెబితే చాలు.

సొంత పొలంలో, పెరట్లో రబ్బరు తీగ ఉంటే కాయలు పగలకముందే తీసేయాలి. ఒక్కో కాయలో వందల గింజలుంటాయి. దూదితో గాలికెగిరి, నీటిలో తేలి ఊరంతా చేరతాయి. చేతులకు తొడుగులు, ఒంటికి నిండుచొక్కా ఉండాలి. వేరుతో సహా తవ్వాలి. కోసిన కొమ్మల్ని మేకలకు అందేచోట పడేయొద్దు. కోరల్ వైన్ పీకితే దుంపలన్నీ ఏరాలి. వాటిని చెత్తకుప్పలో వేస్తే అక్కడ కొత్త తోట మొదలైనట్టే!

ఖాళీ అయిన కంచె మీదికి ఏం పాకించాలి? దానికీ దిగులు లేదు. వేపచెట్టు ఉంటే మొదట్లో ఒక తిప్పతీగ ముక్క గుచ్చండి. పందిరికి దొండ, కిటికీ పక్కన సన్నజాజి, తొట్టిలో ఒక నన్నారి. నర్సరీలో మొక్క కొనేటప్పుడు పూల రంగుతోపాటు దాని సొంతూరు కూడా అడగండి. వేళ్లు కొనేటప్పుడు అడవిలో తవ్వినవా, పెంచినవా అనీ అడగండి. నాలుగిళ్లవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లూ తెలుసుకోక తప్పదు.

వచ్చే ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని మీ వీధి చివరిదాకా నడవండి. గోడల మీద, కంచెల మీద ఎన్ని తీగలున్నాయో లెక్కపెట్టించండి. తుంచొద్దు, నోట్లో పెట్టొద్దు. చూసి, పోల్చి, పేరు చెప్పమనండి. పది తీగల్లో మూడింటి పేర్లు నోటికొచ్చినా చాలు... మిగతా ఏడూ మరుసటి ఆదివారానికి!